సాయం లోపలి వీధులకూ చేరాలి
వరదొచ్చినప్పుడు సాయం మెయిన్ రోడ్డు దాటి లోపలి వీధులకు రాకపోవడం విజయవాడలో పెద్ద లోపం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నడుములోతు నీళ్లలో వెళ్లి కళ్లారా చూశాను. ఫ్లైఓవర్ దగ్గర ఒక్కొక్కరి చేతిలో నాలుగేసి పులిహోర పొట్లాలు. మా వీధి చివర మేడ మీదున్న ముసలమ్మకు రెండో రోజు సాయంత్రానికి గానీ మంచినీళ్ల సీసా అందలేదు. దాతలు లేక కాదు, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినవాళ్లు లేక. ఆ లోటు తీర్చగలిగేది వీధిలోని ఆడవాళ్లే. తైవాన్‌లో చెంగ్ యెన్ అనే బౌద్ధ భిక్షుణి 1966లో 30 మంది గృహిణులతో త్సు చి సేవాసంస్థ మొదలుపెట్టి, కూరగాయల డబ్బుల్లోంచి రోజూ అర తైవాన్ డాలరు వెదురు గొట్టంలో వేయమన్నారు. నెలకోసారి ఒకేసారి ఇస్తామంటే వద్దన్నారట, రోజూ వేస్తేనే రోజూ గుర్తుంటుందని! తోటి భిక్షుణులు పసిపిల్లల బూట్లు కుట్టి అమ్మి తమ వంతు కలిపారు. 1986 నాటికి హువాలియెన్‌లో ఆసుపత్రే తెరిచారు. మనకూ ఇది కొత్తేమీ కాదు, అమరావతి స్తూపానికి దానమిచ్చిన భిక్షుణుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. పొదుపు మన డ్వాక్రా మహిళలకు అలవాటే. వచ్చే వానాకాలంలోపే కార్పొరేషన్ ప్రతి డివిజన్‌లో ఒక డ్వాక్రా సంఘంతో వృద్ధులు, బాలింతలు, మంచం పట్టినవారి జాబితా వీధివారీగా రాయించాలి. పడవ ముందు ఏ వీధికి వెళ్లాలో చెప్పే పని కూడా ఆ మహిళలకే అప్పగించాలి.
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ