నిలబడు తల్లీ: సాస్కటూన్‌లో ఒక పెద్దావిడకు నా కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. కెనడాలో పశువైద్యం చెయ్యడానికి కావాల్సిన చివరి పరీక్ష పాసయ్యాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, కళ్ళు మండుతున్నాయి. అయినా ఇది ఇప్పుడే రాసెయ్యాలనిపించింది.

ఐదున్నరేళ్ళు బీవీఎస్సీ చదివి, కృష్ణా జిల్లాలో ఆరేళ్ళు పశువుల డాక్టరుగా చేసి కెనడాలోని సాస్కటూన్ వచ్చాను. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే మన డిగ్రీ ఒక్కటే సరిపోదు. ఇంగ్లీషు పరీక్ష, మూల శాస్త్రాల మీద 225 ప్రశ్నల బీసీఎస్ఈ, లైసెన్సు కోసం 360 ప్రశ్నల నావ్లీ, సర్జరీకి ముందస్తు పరీక్ష, అన్నీ అయ్యాక చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష సీపీఈ. ఈ చివరిదాంట్లో ఏడు భాగాలుంటాయి: మత్తు ఇవ్వడం, సర్జరీ, రేడియాలజీ, చిన్న జంతువులు, పాడి మాంసం పశువులు, పోస్ట్‌మార్టం, గుర్రాలు. మొదటిసారి ఆరు దాటాను. గుర్రాల దగ్గర పోయింది. గుర్రం ఒక్కసారి పక్కకి తిరిగింది. అప్పుడు నేను దాని వెనక కాళ్ళకి సరిగ్గా తన్ను తగిలేంత దూరంలో ఉన్నాను. అక్కడ నిలబడకూడదు. నా సర్వీసంతా గేదెలు, ఆవులు, గొర్రెలు. గుర్రాన్ని ముట్టుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ రిజల్టు వచ్చిన రోజు నేను క్లినిక్‌లో కుక్కల గదులు కడుగుతున్నాను. అదే నా ఉద్యోగం. సాయంత్రం బయటికొస్తే మైనస్ 35. కారు స్టార్ట్ కాలేదు. ఇక్కడ చలికాలంలో ఇంజిన్ గడ్డకట్టకుండా కారుకి కరెంటు వైరు తగిలిస్తారు. ఆ రోజు నేను తగిలించడం మర్చిపోయాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఎవరో అద్దం మీద తట్టారు. పిల్లికి మందు తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి. తన ట్రక్కు పక్కన పెట్టి, కేబుళ్ళు తగిలించి, కారు స్టార్ట్ అయ్యేదాకా కదల్లేదు. ఎందుకేడుస్తున్నావని అడిగితే చెప్పేశాను. గుర్రం అనగానే, "నా దగ్గర రెండున్నాయి, ఆదివారం రా" అంది. అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఊరికి నలభై నిమిషాల దూరంలో ఆవిడ పొలం. పదకొండు ఆదివారాలు వెళ్ళాను. మొదటి రోజు చలికి నా వేళ్ళు కొయ్యబారిపోయాయి, గుర్రం తలకి కట్టే హాల్టర్ తాడు కూడా పట్టుకోలేకపోయాను. ఆవిడ నా గ్లవ్స్ తీసేసి, రెండు చేతులూ తన 24 ఏళ్ళ ఆడగుర్రం జూలు కింద, మెడకి ఆనించి పెట్టింది. అక్కడ ఎంత వెచ్చగా ఉందో! మా అమ్మమ్మ గేదె దగ్గర పాలు పితికేటప్పుడు నా చేతులు పొదుగుకి ఆనించి పెట్టుకోమనేది, అదే వెచ్చదనం. ఆ నిమిషంలో నేను కరిగిపోయాను. ఆవిడ అటు తిరిగి గడ్డి సర్దుకుంటూ ఉండిపోయింది, నన్ను ఏడవనిచ్చింది.

ఎడమ భుజం వైపు నుంచి రావడం, వెనక్కి వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి తియ్యకుండా ఒంటికి ఆనుకుని తిరగడం, డెక్క ఎత్తించి శుభ్రం చెయ్యడం, గిట్ట పైన నాడి చూడటం, పొట్టకి రెండువైపులా కలిపి నాలుగు చోట్ల పేగుల చప్పుడు వినడం, అన్నీ ఒకటికి పదిసార్లు చేయించింది. భయమేస్తే నాకు మాట రాదు. "మీ భాషలో మాట్లాడు, దానికి నీ గొంతు చాలు" అనేది. అలా ఈ సాస్కచెవాన్ రాష్ట్రంలో ఒక ముసలి గుర్రానికి "నిలబడు తల్లీ, నిలబడు" అలవాటైంది. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. కిందటేడు దూడ అడ్డం తిరిగిన రాత్రి డాక్టరు రావడానికి రెండు గంటలు పట్టిందట, ఆవూ దూడా రెండూ పోయాయట. "నువ్వు పాసైతే నాకే మంచిది" అంది.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. పల్లెల్లో డాక్టరు లేక పశువులు చస్తుంటే, ఈనలేకపోతున్న ఆవుల్లో చెయ్యి పెట్టి వందల దూడలు తీసిన మేము కుక్కల గదులు కడుగుతున్నాం. పరీక్ష కష్టంగా ఉండాలి, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు మేం పక్క నుంచి కోసి చేసేవాళ్ళం, ఇక్కడ పొట్ట మధ్యలో కొయ్యాలి. నేర్చుకున్నాం. కానీ పరీక్షలో ఒక సీటు కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూడాలా? ఎప్పుడొస్తుందని అడిగితే ఒక్క మెయిలుకి జవాబు లేదు. అన్ని నెలలు కత్తి పట్టకపోతే చెయ్యి ఏమవుతుందో వాళ్ళకి తెలియదా?

రెండోసారి పరీక్ష రోజు తెల్లవారుజామున మంచు. ఆవిడ చెప్పకుండానే ట్రక్కు వేసుకుని మా అపార్ట్‌మెంట్ కింద ఉంది. లోపల గుర్రం బరువు మారుస్తుంటే నాకు తెలియకుండానే "ఉండమ్మా, ఉండు" అనేశాను. కాలు ఎత్తింది. బయటికొచ్చేసరికి ఆవిడ ఇంకా ట్రక్కులోనే ఉంది.

మా ఆయన, అమ్మానాన్న, అత్తయ్య గారు, పాప, మీరు లేకపోతే ఏదీ లేదు, మీకు తెలుసు.

ఆగండి, క్లినిక్‌లో టెక్నీషియన్ అమ్మాయిని వదిలేశాను! లంచ్ టైములో బూటు లేసుల మీద నాతో సర్జరీ కుట్ల ముడులు వేయించింది. రాత్రి పదింటికి ఫోన్‌లో నావ్లీ ప్రశ్నలు చెప్పిన పంజాబీ సీనియర్లకు, పాపని చూసుకుంటూ డబ్బాలో పప్పూ ఆవకాయా పెట్టి పంపిన పై అంతస్తు తెలుగు అక్కకు, ఒక ఆదివారం, నొప్పి ఎక్కడుందో కనిపెట్టే టెస్టర్‌తో డెక్క ఎక్కడ నొక్కాలో చూపించిన నాడాలు కొట్టే ఆయనకు చాలా థాంక్స్. ఇంకా మా పాత ఆసుపత్రి కాంపౌండర్ గారు. అడ్డం తిరిగిన దూడని మొదటిసారి నా చేత తీయించింది ఆయనే, ఆయనకి నేను ఇంతవరకూ ఫోన్ కూడా చెయ్యలేదు. అక్కడ తెల్లారగానే చేస్తాను.

పెద్దావిడకి తెలుగు రాదు. ఎల్లుండి ఆదివారం వెళ్ళి, ఇదంతా ఇంగ్లీషులో చదివి వినిపించాలి. గుర్రానికి క్యారెట్లు కొన్నాను.