మోషే ముందుకు దూకలేదు, వెనక్కి తగ్గాడు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో నాయకత్వ లక్షణాల గురించి వచ్చిన వ్యాసం, హెబ్రీయులను ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడిపించిన మోషేను పుట్టు నాయకుడిగా, దేవుడి పిలుపు వినీ వినగానే ముందుకు దూకిన ధీరుడిగా వర్ణించింది. వ్యాసకర్త ఉద్దేశం మంచిదే అయివుంటుంది గానీ, మూలకథలో ఉన్నది దీనికి పూర్తిగా తలకిందులు. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకుని, ఇప్పుడు విశాఖ పాతనగరంలోని ఒక చర్చిలో ఆదివారపు బడి పిల్లలకు ఈ కథలే చెబుతున్నవాడిని కాబట్టి, చూసీ చూడనట్టు ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

బైబిలులోని నిర్గమకాండంలో మోషేకు పిలుపు వచ్చేనాటికి ఆయన ఒకసారి ఓడిపోయి ఉన్నాడు. హెబ్రీయుడై పుట్టినా ఐగుప్తు రాజు ఫరో కుమార్తె ఇంట పెరిగిన ఆ మనిషి, తన జాతివాడిని కొడుతున్న ఒక ఐగుప్తీయుడిని చంపి ఇసుకలో పాతిపెట్టాడు. మర్నాడు తమలో తాము కొట్టుకుంటున్న ఇద్దరు హెబ్రీయులను విడదీయబోతే, మా మీద నిన్ను అధికారిగా, తీర్పరిగా నియమించింది ఎవరని వాళ్లలో ఒకడు నిలదీశాడు. ఆ ప్రశ్నకు మోషే దగ్గర జవాబు లేకపోయింది. ఫరో చంపజూస్తున్నాడని తెలిసి మిద్యాను దేశానికి పారిపోయి, అక్కడే పెళ్లి చేసుకుని, మామ యిత్రో గొర్రెలను మేపుకుంటూ బతికాడు. ఫరో ముందు నిలబడేనాటికి ఆయన వయసు 80, అన్న అహరోను వయసు 83. మండుతున్నా కాలిపోని పొదలోంచి దేవుడి మాట వినబడినప్పుడు ఆయన వెనక్కి తగ్గింది వినయం ప్రదర్శించడానికని కొందరు ప్రసంగీకులు చెబుతుంటారు. నాకు అలా తోచదు. ఎవరూ పంపకుండా ఒకసారి వెళ్లి చేతులు కాల్చుకున్నవాడు, రెండోసారి ఎవరో పంపుతామంటే భయపడడా?

ఆ భయాన్ని ఆయన ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. ఫరో దగ్గరకు వెళ్లడానికి నేనెంతటివాడినన్నాడు. పంపినవాడి పేరేమిటని జనం అడిగితే ఏం చెప్పాలన్నాడు. వాళ్లు నన్ను నమ్మరన్నాడు. ఆ తరువాతనే, తెలుగు బైబిలు చదివేవాళ్లందరికీ నోటికి వచ్చిన మాట: తాను మాట నేర్పరిని కానని, నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడినని చెప్పుకున్నాడు. ఈ నాలుగు అభ్యంతరాలకూ దేవుడు ఓపికగా సమాధానం ఇచ్చాడు. కర్రను పాముగా మార్చి చూపించాడు, నోరు ఇచ్చింది ఎవరని అడిగాడు. ఐదోసారి మోషే దగ్గర కారణాలు అయిపోయాయి, నువ్వు పంపదలచినవాడినే పంపుకో అని మాత్రం అన్నాడు. దేవుడికి కోపం వచ్చింది అప్పుడే. కారణం చెప్పి కాదన్నంతసేపూ రాని కోపం, కారణం లేకుండా కాదన్నప్పుడు వచ్చిందన్న సంగతిని నేను ఎన్నో ఏళ్లు గమనించకుండానే పాఠం చెప్పాను. ఆ కోపంలో కూడా దేవుడు పిలుపును వెనక్కి తీసుకోలేదు. నీ అన్న అహరోను బాగా మాట్లాడగలడు, నిన్ను కలుసుకోవడానికి ఇప్పటికే బయలుదేరి వస్తున్నాడు అని చెప్పాడు.

మీ వ్యాసకర్త వదిలేసినది ఇదే. మోషే నాలుకను దేవుడు బాగుచేసినట్టు ఎక్కడా లేదు. నాలుక అలాగే ఉంది, పక్కన ఒక తోడు చేరింది. మన హార్బరు ముఖద్వారం దగ్గర చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్క కొండల మీద ఉన్నట్టే, ఈ కథ కూడా ఒక్క మతం సొత్తు కాదు. నాతో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు, దర్గా కొండ కింద ఉండేవారు, ఖురానులో మూసా తన నాలుక ముడి విప్పమని, తన సోదరుడు హారూన్‌ను సహాయంగా ఇమ్మని తానే ప్రార్థిస్తాడని ఒకనాడు నాకు చెప్పారు. ఆ తరువాత కూడా, స్పష్టంగా మాట్లాడలేనివాడని ఫరో ఆయనను ఎద్దేవా చేస్తాడట. బైబిలులో అడగకుండానే ఇచ్చిన తోడును అక్కడ అడిగి తీసుకున్నాడన్నమాట. ఈ తేడా గురించి మేమిద్దరం స్టాఫ్ రూములో ఒక మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం.

తోడు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు దొరలు సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. తెలుగుకు నోరు తిరగని ఆ ఇద్దరికీ ఆనందరాయరు అనే పండితుడు తోడుగా నిలిచాడు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ చనిపోయాక, 1812లో మూడు సువార్తలు బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మన ఊరిలోనే ఒక అహరోను ఉన్నాడన్నది బహుశా నా తెలుగు మాస్టారు బుద్ధికి మాత్రమే తోచే పోలిక కావచ్చు.

వ్యాసంలో మరో పొరపాటు, మోషే వెళ్లి అడగడంతోనే విముక్తి మొదలైందన్నట్టు రాయడం. నిజానికి ఆయన మొదటిసారి ఫరోను అడిగి వచ్చాక జనం బతుకు మరింత దుర్భరమైంది. వాళ్లు పీతోము, రామెసేసు అనే నిల్వ పట్టణాలు కడుతున్న కూలీలు. వాళ్ల చేత చేయించిన చాకిరీకి తెలుగు బైబిలు వాడిన మాట ‘వెట్టి’. ఒకప్పటి మన విశాఖ జిల్లాలోని మన్యంలో ఆ మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఫరో ఇటుకల లెక్క తగ్గించకుండా, ఇటుక మట్టిలో కలపడానికి ఇచ్చే గడ్డిని మాత్రం ఆపేశాడు. ఇది ఎంత కపటమైన శిక్షో నాకు మా నాన్న వల్ల తెలుసు. భీమిలి దాటాక ఉన్న మా ఊళ్లో మట్టిగోడ పెట్టాలంటే ఆయన ముందురోజే మట్టి తవ్వి నీళ్లు పోసి నానబెట్టేవారు. తెల్లవారుజామున అందులో బెత్తెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి చల్లి, పంచె ఎగగట్టి, పిక్కల దాకా దిగి తొక్కేవారు. ఒక ఏడాది గడ్డి పశువులకే చాలదని అమ్మ గట్టిగా అనడంతో, ఉన్న కాస్త గడ్డితోనే సరిపెట్టారు. ఆ గోడ ఆరుతూ ఆరుతూ నడుమ నిలువునా బీట వారింది. గడ్డి లేని ఇటుక నిలవదు, లెక్క తగ్గితే దెబ్బలు తప్పవు. అందుకే ఆ జనం ఐగుప్తు దేశమంతా చెదిరిపోయి, కోసిన చేలలో మిగిలిన కొయ్యకాళ్లు ఏరుకున్నారు. దెబ్బలు తిన్న పనిపెద్దలు వచ్చి మోషేను తిట్టిపోస్తే, ఆయన దేవుడి ముందుకే వెళ్లి, నీ జనాన్ని నువ్వు విడిపించనే లేదని నిష్ఠూరమాడాడు. ఆరో అధ్యాయంలో మళ్లీ రెండుసార్లు తన నోటి మాంద్యం సంగతే ఎత్తాడు. అంటే పొద దగ్గర మొదలైన జంకు పొద దగ్గరే తీరిపోలేదు.

ఐగుప్తు రాతల్లో మోషే పేరు దొరకలేదు కదా, ఇదంతా ఎందుకు అనేవాళ్లు ఉండవచ్చు. దొరకని మాట వాస్తవమే. నా ఫిర్యాదు చరిత్ర గురించి కాదు. ఉన్న కథను ఉన్నట్టు చెప్పకపోవడం గురించి. దాన్ని నునుపు చేసి చెబితే ఎవరికి నష్టమో నాకు గత వేసవిలో తెలిసింది. మా సెలవుల బైబిలు బడిలో పిల్లల చేత ఈ కథను నాటకంగా వేయించాలనుకున్నాం. మోషే వేషానికి అందరూ గొంతు పెద్దగా ఉన్న కుర్రాడిని చూపించారు. ఏడో తరగతి చదివే మరో పిల్లాడు మూలన కూర్చుని ఉన్నాడు. ‘మ’ దగ్గరకు వచ్చేసరికి వాడి పెదవులు అతుక్కుపోతాయి, మెడ నరం ఉబ్బుతుంది, మాట బయటికి రావడానికి నాలుగైదు క్షణాలు పడుతుంది. నోటి మాంద్యం భాగం నేను చదివి వినిపించాక వాడు నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, మరి చివరికి ఆయన నత్తి పోయిందా?” అని అడిగాడు. నత్తి అన్న మాట మూలంలో లేదని, హీబ్రూలో బరువైన నోరు, బరువైన నాలుక అని మాత్రమే ఉందని, అది పోయిందని ఎక్కడా రాయలేదని ఉన్నమాటే చెప్పాను. కానీ నేను మాట నేర్పరిని కానన్న ఆ మనిషి చివరి రోజుల్లో చేసిన ప్రసంగాలతోనే ద్వితీయోపదేశకాండం అనే బైబిలు పుస్తకం నిండిపోయిందని, అది మోషే చెప్పిన మాటలు ఇవే అంటూ మొదలవుతుందని కూడా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, తానే మోషే వేషం వేస్తానన్నాడు.

నాటకానికి ఇచ్చిన సమయం 20 నిమిషాలు. నిర్వాహకులు పొద ఘట్టాన్ని కుదించి, ఐదు అభ్యంతరాల బదులు ఒక్కటి ఉంచుదామన్నారు. సమయానికి తగ్గట్టు కథను కత్తిరించడంలో వాళ్లకూ మీ వ్యాసకర్తకూ పెద్ద తేడా లేదు. పిల్లాడు మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టి చూపించి, అయిదూ ఉంటేనే వేస్తానని పట్టుబట్టాడు. చివరికి ఐగుప్తు మీదికి దేవుడు పంపిన తెగుళ్లలో రెండింటిని తీసేసి, అయిదింటినీ ఉంచాం. ఆ రోజు ముందు వరుసలో ఒక పెద్దాయన గడియారం చూసుకోవడం నాకు కనబడింది. వేదిక మీద పిల్లాడు నాలుగో అభ్యంతరంలో ‘మాట’ అన్న పదం దగ్గర ఆగిపోయి ఉన్నాడు. తెర పక్కన అహరోను వేషం కట్టిన కుర్రాడు, ఊడిపోతున్న పెట్టుడు గడ్డాన్ని ఒక చేత్తో పట్టుకుని, తన వంతు కోసం నిలబడే ఉన్నాడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం