గిరిగిరి తెల్లారకముందే వస్తుంది, బ్యాంకు పదింటికి తెరుస్తారు

హైదరాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బేరాలు తెల్లారకముందే మొదలవుతాయి. తోపుడు బండ్లవాళ్లు సరుకు ఎత్తాలంటే అప్పటికప్పుడు చేతిలో డబ్బుండాలి. ఆ వేళకు దొరికేది గిరిగిరి ఫైనాన్సే, అంటే రోజూ వాయిదా వసూలు చేసే వడ్డీ వ్యాపారమే. పది వేలు అప్పు అంటారు, పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క కడితే ఏడాదికి సుమారు 120 శాతం వడ్డీ! నాలుగు రోజులు వాన పడి బండి పెట్టకపోతే పాత బాకీ కలిపి కొత్త ప్రామిసరీ నోటు రాయిస్తారు, మళ్లీ ముందే కోత పెడతారు. కొంపలు మునిగేది అక్కడే.

ఆ నోటు మీద రెవెన్యూ స్టాంపు, సంతకం ఉంటాయి, అంకె ఉండదు. తప్పనిసరై తీసుకునేవాళ్లు మొత్తం, తేదీ తమ చేత్తోనే రాసి ఫోటో తీసుకోవాలి. వాయిదాలు యూపీఐలో కట్టాలి. బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోవాలి. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి వేసిన బాకీ దావా కోర్టులో నిలవదని 1349 ఫసలీ (1939-40) నాటి మన తెలంగాణ చట్టమే చెబుతోంది. నిజాం కాలపు చట్టమైనా ఇప్పటికీ పనికొస్తుంది. మార్కెట్ గేటు దగ్గర ఆ మాట బోర్డు మీద రాయించండి. చెక్కు బౌన్స్ కేసు దారి వేరు, కాబట్టి ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకూడదని కూడా రాయించండి. బెదిరింపులొస్తే పోలీసుల సాయానికి 112కి, ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయొచ్చని కింద వేయించండి.

లోన్ యాప్‌ల సంగతి ఒక్క ముక్కలో: ఆర్‌బీఐ వెబ్‌సైట్ జాబితాలో లేని యాప్ జోలికి పోవద్దు, కాంటాక్టులు అడిగితే అక్కడే ఆపేయాలి, ఫోటోలు మార్ఫ్ చేస్తామని బెదిరిస్తే పైసా కట్టకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇక అసలు విషయం పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పులిప్పించే కేంద్ర పథకం. పూచీకత్తు లేకుండా మొదట 15 వేలు, తీర్చాక 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అయినా బండ్లవాళ్లు గిరిగిరి దగ్గరికే పోతున్నారంటే చిన్న చిన్న అడ్డంకుల వల్లే. ఆధార్‌కు ఇచ్చిన నంబరు రీచార్జి లేక ఎప్పుడో పోయి ఉంటుంది, ఓటీపీ రాదు. వీధి వ్యాపారి అని గుర్తించే వెండింగ్ సర్టిఫికెట్ లేకపోతే మున్సిపల్ సిఫారసు లేఖ కావాలి. కేవైసీ చేయించక ఖాతా మూలపడి ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో ఆఫీసు, ఒక్కో పూట బేరం పోతుంది.

జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి అధ్యక్షులు మీరే. ఏ బ్రాంచిలో ఎన్ని దరఖాస్తులు, ఎన్నాళ్లుగా, ఏ కారణంతో ఆగాయో వచ్చే సమావేశానికి రాతపూర్వకంగా తెప్పించండి. ఆధార్ కిట్‌తో ఆపరేటర్, బ్యాంకు ప్రతినిధి, సిఫారసు లేఖ రాసే మున్సిపల్ ఉద్యోగి, ఈ ముగ్గురూ మార్కెట్లో ఒకే టేబుల్ దగ్గర కూర్చునేలా చూడండి. ఆ టేబుల్ పదింటికి వేస్తే లాభం లేదు, తెల్లవారుజామున ఐదింటికి వేయించండి.