కుడి పక్కన ఉన్న ఎడమ స్విచ్

కాజీపేట,
కనుమ వెళ్లిన వారానికి

బిడ్డా,

నువ్వు మంచం కిందికి తోసేసి పోయిన జాయ్‌స్టిక్ డబ్బా బాగైంది. "పోయిందే అమ్మా, పాత సామానోళ్లకు వేసెయ్" అన్నావు కదా, వెయ్యలేదు. రేపు బస్సు కార్గోలో పంపిస్తా. ఈ సంగతులన్నీ ఫోన్‌లో చెబితే "ఊఁ ఊఁ" అంటూ సగమే వింటావు, అందుకే రాస్తున్నా.

పండగ మూడు రోజులూ "నా చెయ్యి స్లో అయిపోయింది, నాకే చేతకావట్లేదు" అని మొహం ముడుచుకుని కూర్చున్నావు. తప్పు చెయ్యిది కాదు, స్విచ్‌ది. నువ్వే చెప్పావు ఆ సంగతి, నీకు తెలియకుండానే. అక్క కొడుకుతో ఆ ఫైటింగ్ ఆట ఆడుతూ "ఎడమ పక్క నిలబడితేనే ఓడిపోతున్నా" అన్నావు చూడు, నేను సకినాల పిండి చేతులతోనే ఆగిపోయాను. ఆ ఆటలో దెబ్బ కాచుకోవాలంటే వెనక్కి లాగి పట్టుకోవాలి. ఎడమ పక్క ఉన్నవాడికి వెనక అంటే ఎడమ. అదే కుడి పక్కకు పోతే వెనక అంటే కుడి. చేతకానివాడు రెండు పక్కలా ఓడిపోతాడు గానీ, ఒక్క పక్కే ఎందుకు ఓడిపోతాడు?

నువ్వు బస్సెక్కిన మరునాడే అడుగు రేకు విప్పాను. అక్కడ నేనూ ఒక పూట మోసపోయా. లివర్ కింద చిన్న బోర్డు మీద నాలుగు మైక్రోస్విచ్‌లు, నాలుగు దిక్కులకు నాలుగు. వైర్లు మాత్రం ఐదు: దిక్కుకు ఒకటి, అన్నిటికీ కలిపి కామన్ ఒకటి. ఎడమ పక్క స్విచ్‌కు మీటర్ పెట్టి నొక్కితే ప్రతిసారీ బీప్ వస్తోంది. లోపమే లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గానీ వెలగలేదు. కడ్డీ మధ్యలో ఆనుకుని తిరుగుతుంది కదా, పైన ఎడమకు తోస్తే కింద కొస కుడికి పోతుంది. అంటే ఎడమ దిక్కు చెప్పే స్విచ్ కుడి పక్కన ఉంటుంది! దాన్ని పదిసార్లు నొక్కితే ఆరుసార్లే పలికింది. మిగతా నాలుగు దెబ్బలూ నువ్వు తిన్నావు.

ఆ స్విచ్ ఊడదీసి, పైమూత బ్లేడుతో లేపి చూస్తే లోపలి రేకు మీద పచ్చగా చిలుము. చాయో కూల్‌డ్రింకో ఎప్పుడో దిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి పాత ఓనర్ ఖాతాలో రాస్తున్నా. నువ్వే అయితే ఒప్పుకో.

మన వీడియో గేమ్ షాపు నీకు లీలగా అయినా గుర్తుండాలి, హన్మకొండ చౌరస్తా దగ్గరి సందులో. మూడు మిషన్లు ఉండేవి. 1993లో క్యాప్‌కామ్ తీసిన ఆట ఒకటి, అసలు పేరు ఎవరికీ పట్టదు, పిల్లలందరికీ అది ముస్తఫా ఆటే. ఆర్‌ఈసీ పిల్లలు కూడా వచ్చేవాళ్లు, దాన్ని ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నారు. బాపు గల్లాలో, నేను మిషన్ల వెనక. ఏ ఆట బోర్డు మార్చినా అదే వైర్ల కట్ట సరిపోయేది. 1985 నుంచి జపాన్‌లో 56 కాళ్ల ప్లగ్గు ఒకటి అందరికీ ఖాయమైంది, దాన్నే జమ్మా అంటారు. దసరా జమ్మిచెట్టు పేరు పెట్టారని చాలాకాలం నమ్మాను, నవ్వకు.

అక్కడికి రోజూ సాయంత్రం ఒక పిల్లాడు వచ్చేవాడు, ఎనిమిదో తరగతి ఉంటాడేమో. "ఆంటీ, ఎడమకు పోతలేదు" అనేవాడు. నేను "ఆట రాక కర్ర మీద పెడుతున్నవా" అని నలుగురిలో నవ్వేదాన్ని. కొన్నాళ్లకు రావడం మానేశాడు. తరువాత ఇంకేదో పనికి మిషన్ తెరిస్తే, ఆ స్విచ్ నుంచి వైరు సగం తెగి వేలాడుతోంది. ఎన్ని రూపాయలు మింగామో వాడివి. పేరు కూడా అడగలేదు. నువ్వు అదే మాట అనేసరికి అందుకే ఉలిక్కిపడ్డా.

సరే, ఏమేం మార్చానో చెబుతా. స్విచ్ కోసం మామను కోఠి గుజరాతీ గల్లీకి పంపాను. నీ రూము నుంచి గంట కూడా పట్టని చోటు! పాతది చేతికిచ్చి పంపితే, కాళ్లు సరిగ్గా కూర్చునేది వెతికి నాలుగు తెచ్చాడు. ఒకటే వేశా, మూడు సంచిలో పెట్టా. కింది వరుసలో రెండు బటన్లు నొక్కితే లోపలే ఉండిపోతున్నాయి, వాటి స్థానంలో జపాన్ సాన్వా కంపెనీ బటన్లు వేశా, 30 మిల్లీమీటర్లవి. పక్కలకున్న చెవులు లోపలికి నొక్కి పట్టుకుంటే ఊడొస్తాయి, స్క్రూడ్రైవర్‌తో పైనుంచి పెకిలించకు, డబ్బా మీద గీతలు పడతాయి. ఒక్కో బటన్‌కు రెండే కాళ్లు, ఏ వైరు ఏ కాలికి పెట్టినా ఒకటే. వైరు కొసకుండే క్లిప్పులు మాత్రం 2.8 మిల్లీమీటర్లవి కావాలి. మన షాపులో వాడిన 4.8వి నా డబ్బాలో బోలెడున్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

ఎప్పుడైనా మూడు నాలుగు బటన్లు ఒకేసారి చచ్చిపోతే కంగారుపడి అన్నీ కొనకు. గ్రౌండ్ వైరు బటన్ నుంచి బటన్‌కు గొలుసులా పోతుంది. మధ్యలో ఒక్కచోట ఆ వైరు తెగితే దాని తరువాతివన్నీ పడుకుంటాయి.

లివర్ పూర్తిగా విప్పి కడిగాను. కడ్డీ కింద కొసకు స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంది, దాన్ని కదలకుండా పట్టుకుని పైన గుండు తిప్పితే వచ్చేస్తుంది. అడుగున స్ప్రింగును ఆపే చిన్న క్లిప్పు తీసేటప్పుడు మాత్రం పైన గుడ్డ కప్పు. నాది ఎగిరి బియ్యం డబ్బా వెనక పడింది, బాపు టార్చి పట్టుకుని అరగంట వెతికాడు. కడ్డీ ఆని తిరిగే చోట సిలికాన్ గ్రీజు పెసరగింజంత పెట్టా. ఇంకే నూనే పొయ్యకు. షాపు పెట్టిన కొత్తలో నేను కుట్టుమిషన్ నూనె పోశా. రెండు రోజులు వెన్నలా తిరిగింది, ఆ తరువాత రోడ్డు దుమ్మంతా పట్టి బంకైపోయింది.

నువ్వు అడిగిన ఎనిమిది మూలల గేటు, అదే కడ్డీ ఇంకా దూరం పోకుండా ఆపే చట్రం, వెయ్యలేదు. చతురస్రం గేటే ఉంచా. నువ్వు మూలకు టకటకా కొడుతున్నావు, ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. కడ్డీ అంచుకు తగలకముందే స్విచ్ పడుతుంది, ఆ తరువాత కొట్టేదంతా వట్టి చప్పుడే. నెల రోజులు మెల్లగా ఆడి చూడు, అప్పటికీ కావాలంటే వేస్తా, పది నిమిషాల పని.

ఇంకోటి. మన ముస్తఫా మిషన్ మీది ఎర్ర గుండు ఇంకా నా దగ్గరే ఉంది. దీనికి బిగిద్దామని చూశా, మర కలవలేదు. కాగితంలో చుట్టి పెట్టా. నీకు వద్దనుకుంటే పారెయ్యకు, వచ్చేటప్పుడు వెనక్కి తే.

డబ్బా చేరగానే ఎడమ పక్క నిలబడి పది ఆటలు ఆడి ఫోన్ చెయ్యి. అడుగున సకినాలున్నాయి. అవి తిన్న చేతులతో బటన్లు ముట్టకు.

మీ అమ్మ