నక్షత్రాల లెక్కలు, అమ్మ కరెంటు బిల్లు

హానోవర్,
ఏప్రిల్, ఆదివారం.

నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. చలి ఇంకా పూర్తిగా పోలేదు, పొద్దున స్వెటర్ లేకుండా బయటికి వెళ్లలేకపోతున్నాం.

నిన్న ఫోన్‌లో అమ్మ మీ మీద పెద్ద చిట్టా విప్పింది. "మీ నాన్న కంప్యూటర్‌కి నక్షత్రాల పిచ్చి పట్టించారు. రాత్రీ పగలూ దాని ఫ్యాన్ రొదే. బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంది" అంది. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు మనలాంటివాళ్ల ఇళ్లలోని కంప్యూటర్ల చేత పల్సార్లను, అంటే గిర్రున తిరిగే నక్షత్రాలను, వెతికించే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో చేరారంటే నాకు ముచ్చటేసింది. కానీ అమ్మ మాటలోనూ న్యాయముంది. మానేయమని రాయడం లేదు. సెట్టింగులు మన తెనాలి ఇంటికి తగ్గట్టు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు మీరు పంపిన ఫొటో సంగతి. అందులో ఈ లెక్కలు నడిపే బోయింక్ ప్రోగ్రాం 'యాక్టివిటీ' మెనూలో 'రన్ ఆల్వేస్' దగ్గర టిక్కు ఉంది. అది ఉన్నంతకాలం మీరు పెట్టిన టైములూ, షరతులూ ఏవీ పనిచేయవు. బోయింక్ దేన్నీ పట్టించుకోకుండా లెక్కలు చేస్తూనే ఉంటుంది. రాత్రీ పగలూ రొదకు కారణం ఇదే. 'రన్ బేస్డ్ ఆన్ ప్రిఫరెన్సెస్' ఎంచుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇప్పుడు 'ఆప్షన్స్'లో 'కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్' తెరవండి. మొదట్లోనే ఎంత శాతం సీపీయూలు, అంటే ప్రాసెసర్ కోర్లు, వాడుకోవాలని అడుగుతుంది, అక్కడ 50 పెట్టండి. మనది నాలుగు కోర్ల మెషీను కాబట్టి రెండే పనిచేస్తాయి. పక్కనే సీపీయూ టైము శాతం అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని మాత్రం తగ్గించకండి. అది తగ్గిస్తే ప్రాసెసర్ కాసేపు పరిగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ పరిగెడుతుంది. ఫ్యాన్ శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే అమ్మకి ఇంకా చిరాకు.

తర్వాత టైము. 'డైలీ షెడ్యూల్స్'లో రాత్రి 11 నుంచి పొద్దున 6 వరకు పెట్టండి. అర్ధరాత్రి దాటే టైము కూడా అది బాగానే అర్థం చేసుకుంటుంది. మీరు పగలు పేపర్ చదువుకునేటప్పుడు దాని జోలికి రాదు.

బిల్లు లెక్క మీకు నేను చెప్పాలా! మెషీను మొత్తం 100 వాట్లు తాగుతోందనుకుంటే రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు, నెలకు 72. ఏసీ వాడే నెలల్లో ఆ 72 యూనిట్లే మనల్ని పై స్లాబులోకి నెట్టేస్తాయి. అదే రాత్రి ఏడు గంటలు, సగం కోర్లతో 60 వాట్ల దగ్గర నడిస్తే నెలకు 13 యూనిట్ల లోపే. పగలు పనిలేనప్పుడు మెషీను కట్టేయండి. ఇక్కడ జనవరిలో కంప్యూటర్ వదిలే వేడి గదికి లాభమే. మే నెలలో మన హాల్లో అదే వేడిని తోలడానికి మళ్లీ ఏసీ వేయాలి.

ఇన్వర్టర్ విషయం జాగ్రత్త. 'బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపు' అనే సెట్టింగు ల్యాప్‌టాప్‌కి పనికొస్తుంది. మన డెస్క్‌టాప్‌కి కరెంటు లైను నుంచి వస్తోందో ఇన్వర్టర్ నుంచి వస్తోందో తెలియదు. కాబట్టి ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉంటే మార్పించండి. లేకపోతే రాత్రి కరెంటు పోయినప్పుడు అమ్మ ఫ్యాను తిరగాల్సిన చార్జి పల్సార్ల వేటకి పోతుంది. కరెంటు పోతే చేసిన లెక్కంతా పోతుందని టెన్షన్ పడకండి. మధ్యమధ్యలో అప్పటిదాకా చేసిన లెక్కను చెక్‌పాయింట్‌గా రాసుకుంటుంది, మెషీను వేయగానే చివరి చెక్‌పాయింట్ నుంచి మొదలుపెడుతుంది.

వెబ్‌సైట్‌లో మార్చినా ఏమీ మారలేదని రాశారు. ఒకసారి మన కంప్యూటర్‌లో సెట్టింగులు సేవ్ చేశాక బోయింక్ వాటినే నమ్ముతుంది, సైట్‌లోవి వినదు. అక్కడా ఇక్కడా వద్దు, మెషీన్‌లోనే మార్చండి. ముందుగా తెచ్చిపెట్టుకునే పని నిల్వ కూడా ఒక రోజుకి మించి పెట్టకండి. రాత్రిపూట మాత్రమే నడిచే మెషీను పది రోజుల పని తెచ్చుకుంటే జవాబు పంపాల్సిన గడువు దాటిపోవచ్చు.

ఇంత తక్కువ నడిపితే ఉపయోగమేముంది అని మీరు అంటారని తెలుసు. 2010లో ఈ ప్రాజెక్టు మొదటి కొత్త రేడియో పల్సార్‌ని కనిపెట్టింది. సెకనుకు 41 సార్లు తిరుగుతుందది. అరెసిబో టెలిస్కోప్ డేటాలో దాని జాడ పట్టింది అమెరికాలో అయోవా రాష్ట్రపు దంపతుల కంప్యూటరూ, ఇక్కడే జర్మనీలో మైంజ్‌లో ఉన్న మరో కంప్యూటరూ. ఒకే పనిని ఇద్దరికి పంపి జవాబులు పోల్చి చూస్తారు, అందుకే రెండు. ఈ ప్రాజెక్టును నడిపే మాక్స్ ప్లాంక్ సంస్థ మా ఊళ్లోనే కాలిన్ స్ట్రాసే వీధిలో ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను, వీసా కాగితాలు మాత్రం జూన్‌లోపు తయారుచేయండి.

ఎండలు ముదరకముందే క్యాబినెట్ మూత తీయించి దుమ్ము ఊదించండి. సెట్టింగులు మార్చాక స్క్రీన్‌షాట్ పంపండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో వద్దు, అందులో సగం మీ కళ్లజోడే కనిపిస్తోంది.

మీ
చిన్నమ్మాయి