జ్యూక్‌బాక్స్ పొట్ట కోసి బ్లూటూత్ పెట్టకండి

ఎడిటర్ గారికి,

జ్యూక్‌బాక్స్ అంటే నాణెం వేసి మీట నొక్కితే కోరిన రికార్డు వినిపించే పెట్టె. దాని మాట ఎత్తగానే ఎవరైనా ముందు దాని రంగు దీపాల గురించే చెబుతారు. ఆ దీపాల మీద మోజుతోనే పాత పెట్టెలు కొంటున్నారు. లోపలి యంత్రాన్ని ఊడబెరికి పాత ఇనుము కింద అమ్మేసి, ఆ ఖాళీలో బ్లూటూత్ స్పీకర్ బిగిస్తున్నారు. పైకి అదే పెట్టె, లోపల వినబడేది ఫోను పాట. ఈ పనికి పూనుకోబోయేవాళ్లను ఒక్క క్షణం ఆపాలనే ఈ ఉత్తరం. ఆ పెట్టెలో విలువైనది యంత్రమే. ముప్పై ఏళ్లు మూలపడి ఉన్నా అది చాలావరకు బాగవుతుంది. ఒకసారి ఊడబెరికాక తిరిగి కూర్చడం మాత్రం దాదాపు కుదరదు. ఒక మోడల్ గేరు ఇంకో మోడల్‌కు పట్టదు, వైర్ల కట్ట ఎక్కడ తెగిందో పోల్చుకోవడం మహా కష్టం.

ఈ యంత్రం ఏం చేస్తుందో తెలిస్తే దాన్ని పారేయడానికి చేతులు రావు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సెలూన్‌లో లూయిస్ గ్లాస్ నాణెం వేస్తే పాడే ఎడిసన్ ఫోనోగ్రాఫు పెట్టించాడు. దానికి నాలుగు చెవిగొట్టాలు, గొట్టానికో నికెల్, అంటే 5 సెంట్లు. ఉన్నది ఒకే పాట. 1927లో ఆటోమేటిక్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ కరెంటుతో శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్‌తో, కోరిన పాటను వెతికి వినిపించే పెట్టె తెచ్చింది. ఇప్పుడు అందరి కళ్లలో మెదిలే రూపం మాత్రం 1946 నాటి వుర్లిట్జర్ కంపెనీ 1015 మోడల్‌ది. పాల్ ఫుల్లర్ గీసిన ఆ నమూనా 56,000కు పైగా అమ్ముడైంది. అంత పెద్ద పెట్టెలో ఉండేది 24 పాటలే. ఏ పాట నొక్కితే ఆ రికార్డున్న తట్ట పక్కకు జరుగుతుంది, కింద నుంచి టర్న్‌టేబుల్ లేచి రికార్డును ఎత్తుకుని పైనున్న సూదికి అందిస్తుంది. ఇదంతా అద్దంలోంచి కనబడుతూనే ఉంటుంది.

1948లో సీబర్గ్ కంపెనీ తెచ్చిన ఎం 100 ఏ పెట్టె దీనికంటే ఎంతో ముందుకు పోయింది. 50 రికార్డులు, రెండు వైపులా కలిపి 100 పాటలు. మీటలు 20 చాలు: పది అక్షరాలు, పది అంకెలు. ఒకటి అంకెతో తికమక పడకుండా ఐ అక్షరాన్ని వదిలేశారు. రికార్డులు అలమారలో పుస్తకాల్లా నిలువుగా నిలబడి ఉంటాయి. పట్టాల మీద ఒక బండి అటూ ఇటూ నడుస్తూ, కోరిన రికార్డు దగ్గర ఆగుతుంది. ఒక చేయి రికార్డును బయటికి లాగి బిగించి పట్టుకుంటే, నిలువుగా తిరుగుతున్న దాని మీదికి సూది వస్తుంది.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ పెట్టె పాటలను అడిగిన వరసలో వినిపించదు. బండి దారిలో ఏది ముందు తగిలితే అది ముందు. మీరు జె 7 నొక్కి కూర్చున్నాక మరొకరు వచ్చి బి 2 నొక్కితే, బండి అటువైపు వెళ్తుంటే ఆయన పాటే ముందు వస్తుంది. ఒక్కో పాటకు గుర్తు ఒక్కటే. ఆ పాటను ఎవరైనా కోరారా, లేదా అన్నదే పెట్టె గుర్తుంచుకుంటుంది. ఎన్నిసార్లు కోరారో దానికి పట్టదు. అందుకని బండి అక్కడికి చేరేలోపు ఒకే పాటను ఐదుగురు కోరినా, ఐదు నాణేలు పడినా, పాట వచ్చేది ఒక్కసారే. 1955 నుంచి సీబర్గ్ ఈ గుర్తును ఫెరైట్ అనే అయస్కాంత పదార్థపు చిన్న ఉంగరాల్లో దాచింది. కరెంటు పోయి వచ్చినా అడిగిన పాటలు చెరిగిపోవు.

ఫోనుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఫోనులో కోట్ల పాటలు, తీర్పు ఒక్క బొటనవేలిది. నచ్చకపోతే పది సెకన్లకే తోసేయొచ్చు. జ్యూక్‌బాక్సులోనూ పాటను ఆపే మీట ఉంటుంది, కానీ అది పెట్టె వెనక, యజమాని చేతికి అందే చోట. ముందున్నవాళ్లంతా పక్కవాడు కోరిన పాటను చివరి దాకా వినాల్సిందే. నలుగురి నడుమ పాట వినడమంటే అదే. బ్లూటూత్ పెట్టిన మరుక్షణం అది పోతుంది. లోపల ఏ పాట ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే మీటర్లు కూడా కొన్ని పెట్టెల్లో ఉండేవి. తిరగని రికార్డు తీసి కొత్తది పెట్టేవారు. బిల్‌బోర్డ్ పత్రిక 1944 నుంచి 1957 దాకా జ్యూక్‌బాక్సుల్లో ఎక్కువగా మోగిన పాటల పట్టికను విడిగా వేసింది.

ఇక బాగుచేసే సంగతి. ఇంటికి తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టడం అందరూ చేసే మొదటి తప్పు. దీపాలు వెలుగుతాయి, గుర్రుమని హోరు వస్తుంది, కాసేపటికి పొగ. దానికి కారణం ఆంప్లిఫయర్‌లోని కండెన్సర్లు, అంటే కరెంటును నిలవ ఉంచే భాగాలు. ఫిల్టర్ ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటాయి. మైనం పూసిన కాగితపు కండెన్సర్లు కరెంటును కొద్దికొద్దిగా వదిలేస్తుంటాయి. స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వు (శబ్దాన్ని పెంచే గాజు గొట్టం) గ్రిడ్‌కు, అంటే దానిలోని అదుపు తీగకు, వెళ్లే కండెన్సర్ అలా వదిలితే వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలి, ఆ వాల్వుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ బలి తీసుకుంటుంది. వాల్వు మళ్లీ దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం. కాబట్టి ఈ రెండు రకాల కండెన్సర్లనూ ముందే మార్చేయాలి. పరీక్షించి చూద్దామనుకుని వదిలేయొద్దు. కరెంటును అడ్డుకునే రెసిస్టర్లను మాత్రం మల్టీమీటర్‌తో కొలిచి, రాసిన విలువ కంటే 20 శాతం మించి పెరిగినవాటిని మారిస్తే సరిపోతుంది. లోపల 300 వోల్టులు దాటే చోట్లుంటాయి. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో ఆ కరెంటు నిలవుంటుంది. రెసిస్టర్ ద్వారా దాన్ని దించి, మీటర్‌లో సున్నా చూశాకే చేయి పెట్టాలి.

మార్చిన తర్వాత కూడా నేరుగా కరెంటు ఇవ్వొద్దు. ఆంప్లిఫయర్‌ను విడిగా తీసి, 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే పోయేలా, పెట్టి ఇవ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

అమెరికాలో అమ్మిన పెట్టె అయితే ఇంకో చిక్కుంది. అది 115 వోల్టులు, 60 హెర్ట్‌జ్ (కరెంటు సెకనుకు 60 సార్లు ఊగడం) మీద నడిచేలా చేసింది. 230 వోల్టులున్న చోట స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్‌జ్‌ను మార్చదు. 50 హెర్ట్‌జ్ మీద మోటారు ఆరో వంతు నెమ్మదిస్తుంది. నిమిషానికి 45 సార్లు తిరగాల్సిన రికార్డు 37.5 సార్లే తిరుగుతుంది. శ్రుతి హార్మోనియం మీద మూడు మెట్లకు పైగా దిగిపోయి, గాయకుడి గొంతు ఈడ్చినట్టు వస్తుంది. పెట్టె ముసలిదైంది, అందుకే ఇలా పాడుతోందని సరిపెట్టుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. రబ్బరు చక్రంతో నడిచే మోడళ్లలో మోటారు ఇరుసుకు తొడిగే బుష్ వ్యాసం 20 శాతం పెద్దదైతే వేగం సరిపోతుంది. గేర్లతో నడిచేవాటికి 50 హెర్ట్‌జ్ గేర్లు వెతకాలి, లేదా మోటారుకు 60 హెర్ట్‌జ్ ఇచ్చే ఇన్వర్టర్ పెట్టాలి.

యంత్రం కదలకపోతే మోటారు కాలిందని తేల్చేయకండి. చాలాసార్లు తప్పు గ్రీజుది. దశాబ్దాల నాటి గ్రీజు బెల్లం పాకంలా గట్టిపడి గేర్లను పట్టేస్తుంది. దాని మీద స్ప్రే నూనె కొడితే ఒక వారం తిరుగుతుంది, ఆ తర్వాత కరిగిన జిగురు మరో చోట గట్టిపడుతుంది. భాగాలు విప్పి కిరసనాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, బుషుల్లో పల్చటి నూనె రెండేసి చుక్కలు, గేర్ల పళ్లకు పల్చగా కొత్త గ్రీజు రాయాలి. క్లచ్చికీ రబ్బరు చక్రానికీ నూనె తగలకూడదు, తగిలితే జారతాయి. స్విచ్చుల వెండి కాంటాక్టులకు గరుకు కాగితం వాడొద్దు. విజిటింగ్ కార్డును సన్నగా కత్తిరించి, క్లీనర్‌లో తడిపి, రెండు రేకుల మధ్య పెట్టి మెల్లగా లాగితే మసి కార్డుకు అంటుకుని వస్తుంది. మసి రావడం ఆగేదాకా కొత్త ముక్కలు లాగుతూ ఉండాలి. పాట మధ్యలో ఆగడం, ఒకటి నొక్కితే ఇంకొకటి రావడం లాంటివి సగానికి సగం ఈ కాంటాక్టుల దగ్గరే బాగుపడతాయి.

నాణెం వేసే చోట నూనె అస్సలు వద్దు. నాణెం జారుతూ పోయేటప్పుడు దాని సైజునూ బరువునూ ఒక చిన్న త్రాసు చూస్తుంది, అయస్కాంతం ఇనుప బిళ్లను పట్టేస్తుంది. నూనెకు దుమ్ము అంటుకుంటే ఆ త్రాసు ఊగదు, మంచి నాణెం కూడా వెనక్కి వచ్చేస్తుంది. పొడి బ్రష్షు చాలు.

సూది అరిగితే వెంటనే మార్చండి. అరిగిన సూది గాడిని చెక్కుకుంటూ పోతుంది. పాత అమెరికన్ 45 రికార్డుల్లో చాలా వాటికి వాడిన స్టైరీన్ ప్లాస్టిక్ మరీ త్వరగా పాడవుతుంది. పెట్టె ముందు అలంకారంగా ఉండే బుడగల గొట్టాల జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. వాటిలో ఉండేది మిథిలీన్ క్లోరైడ్. దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టే చిన్న హీటరుతో బుడగలు వస్తాయి. ఆవిరి విషం. గొట్టం పగిలితే కిటికీలు తీసి బయటికి వెళ్లాలి, గొట్టం మొత్తాన్నీ మార్చాలి.

ఇంత చేశాక కూడా ఫోను పాట వినాలనిపిస్తే తప్పేం లేదు, యంత్రాన్ని కోయకుండానే కుదురుతుంది. ఫోను వైరును సూది వైర్లకు కలపకండి. చాలా పెట్టెల్లో సూది నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, ఫోను నుంచి వచ్చేది దానికి వంద రెట్ల దాకా. పైగా రికార్డు కోసం ఆంప్లిఫయర్ బాస్‌ను పెంచుతుంది గనక పాట మొద్దుగా, పగిలినట్టు వస్తుంది. సూది శబ్దాన్ని ముందుగా పెంచే ప్రీఆంప్ దాటిన తర్వాత, వాల్యూమ్ కంట్రోల్ దగ్గర ఇవ్వాలి. ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దం వచ్చే మోనో పెట్టెలో ఫోను ఎడమ, కుడి వైర్లను నేరుగా ముడివేయకుండా, ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి కలపాలి. మధ్యలో పెట్టె కరెంటును ఆపి శబ్దాన్ని మాత్రం దాటించే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, ఫోనుకే కాదు, పట్టుకున్న చేతికీ అదే రక్ష. అయినా శబ్దం రాకపోతే కంగారు పడొద్దు. రికార్డు తిరగనప్పుడు స్పీకర్‌ను మూసేసే రిలే (కరెంటుతో కదిలే స్విచ్చు) ఒకటి ఉంటుంది. దాని వైరు కత్తిరించేస్తారు చాలామంది. కత్తిరించకుండా, దానికి ఒక చిన్న స్విచ్చు కలిపితే రెండు పనులూ జరుగుతాయి. ఆ స్విచ్చునూ ఫోను వైరునూ వెనక తలుపు సందులోంచి బయటికి తీయండి, చెక్కకు కన్నం వేయొద్దు.

ఇట్లు,
పాత జ్యూక్‌బాక్సులు బాగుచేసే ఒక పాఠకుడు