ఆ సినిమా గురించి, గేటు దగ్గర ఏడ్చిన అమ్మాయి గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం పరీక్షల టైమ్‌టేబుల్‌తో మొదలుపెట్టాలనుకున్నాను. కానీ శుక్రవారం సాయంత్రం నుంచి మీ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. ఆఫీసుకు వచ్చిన ఫోన్లు చాలావరకు నేనే తీశాను. కాబట్టి ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

అక్టోబర్ 10న తొమ్మిది, పది తరగతుల పిల్లలకి హాల్లో ఒక సినిమా వేశాం. పేరు 'ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్'. 2006లో వచ్చిన అమెరికన్ సినిమా, నిడివి రెండు గంటలకు కాస్త తక్కువ. 2010 నుంచి అక్టోబర్ 10ని ప్రపంచ నిరాశ్రయుల దినంగా పాటిస్తున్నారు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నాం. సినిమా చూసి కొందరు పిల్లలు ఏడ్చారు, అది నిజమే. ఒకమ్మాయి గేటు దాకా ఏడుస్తూనే వచ్చింది. అక్కడ నిలబడ్డ పెద్దవాళ్లలో ఎవరో ఆ పిల్లను ఫోన్‌లో వీడియో తీసి, స్కూల్లో పిల్లల్ని భయపెడుతున్నారని రాసి, గ్రూపులో పెట్టారు. రాత్రయ్యేసరికి అది నాలుగు గ్రూపులు తిరిగి నా ఫోన్‌కి కూడా వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల ఏడుస్తుంటే దగ్గరికి వెళ్లి "ఏమైందమ్మా" అని అడగడానికి పట్టే టైమ్ కన్నా వీడియో తీయడానికే ఎక్కువ పట్టి ఉంటుంది. ఎవరు తీశారని నేను అడగను. మీ ఫోన్‌లో అది ఉంటే ఇప్పుడే, ఈ ఉత్తరం పూర్తిగా చదవక ముందే, తీసేయండి. మీరు ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకి కూడా చెప్పండి.

నా వైపు తప్పు ఒకటుంది. ఇలాంటి సినిమా చూపిస్తున్నామని మీకు ముందుగా రాసి ఉండాల్సింది. పిల్లలు ఇంటికి వచ్చి అడిగే ప్రశ్నలకి మీరు సిద్ధంగా లేకపోవడం మీ తప్పు కాదు, దానికి క్షమించండి. ఇకమీదట సినిమా పేరు, కథ, ఏ వయసు వాళ్లకి అన్నది వారం ముందే మీకు చేరుతుంది. సినిమా చూపించినందుకు మాత్రం నేను క్షమాపణ చెప్పడం లేదు. అమెరికాలో దీనికి పీజీ-13 రేటింగ్ ఇచ్చారు, అంటే పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో పెద్దవాళ్లు జాగ్రత్త తీసుకోమని. మేం అంతకన్నా పెద్దపిల్లలకే చూపించాం. చూపించే ముందు ముగ్గురు టీచర్లం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాం కూడా.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. క్రిస్ గార్డ్‌నర్ అనే ఆయన నిజజీవితం ఆధారంగా తీశారు. 1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగుతుంది. ఎముకల గట్టిదనాన్ని చూసే మెషీన్లు డాక్టర్లకి అమ్ముకుంటూ బతికే మనిషి. భార్య విడిచి వెళ్లిపోతుంది, అద్దె కట్టలేక ఇల్లు పోతుంది, బ్యాంకులో ఉన్న కాస్తా టాక్స్ బకాయి కింద ప్రభుత్వం తీసేసుకుంటుంది. అదే సమయంలో ఒక షేర్ బ్రోకింగ్ కంపెనీలో ఆరు నెలల ట్రైనింగ్‌లో చేరతాడు. జీతం లేదు. ఇరవై మంది ట్రైనీల్లో చివరికి ఒక్కరికే ఉద్యోగం. పక్కన అయిదేళ్ల కొడుకు. నిజజీవితంలో ఆ పిల్లవాడు అప్పటికి ఇంకా చాలా చిన్నవాడు, సినిమా కోసం వయసు పెంచారు. తండ్రిగా విల్ స్మిత్, కొడుకుగా ఆయన సొంత కొడుకు జేడెన్ వేశారు.

అందరూ ఏడ్చిన సీన్ ఒకటుంది. ఒక రాత్రి పడుకోవడానికి చోటు దొరక్క తండ్రీ కొడుకులు మెట్రో స్టేషన్‌లో చిక్కుకుంటారు. పిల్లవాడు బెంబేలు పడకుండా తండ్రి ఒక ఆట మొదలుపెడతాడు. ఆ మెషీన్ టైమ్ మెషీన్ అంటాడు, చుట్టూ డైనోసార్లు ఉన్నాయంటాడు, దాక్కోవడానికి గుహ కావాలంటాడు. ఆ గుహ స్టేషన్‌లోని బాత్‌రూమ్. నేల మీద టిష్యూ కాగితాలు పరిచి, లోపల గడియ పెట్టి, కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుంటాడు. కాసేపటికి బయటి నుంచి ఎవరో దబదబా తలుపు బాదుతారు. ఆయన కాలితో తలుపుకు అడ్డం పెట్టి, నిద్రపోతున్న పిల్లవాడి చెవి చేత్తో మూసి, చప్పుడు రాకుండా ఏడుస్తాడు. మా హాల్లో నూట ఇరవై మంది పిల్లలున్నారు, ఆ రెండు నిమిషాలు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అంత నిశ్శబ్దం ప్రార్థనలో కూడా చూడలేదు.

ఇప్పుడు మీలో కొందరు నాతో అన్న మాట. "మంచిదే మేడమ్, చదువుకోకపోతే ఏమవుతుందో పిల్లలకి తెలిసొచ్చింది." మీరు మంచి మనసుతోనే అన్నారు, అయినా ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ సినిమాలో మనిషి తెలివిలేనివాడా? అందరూ చేతులెత్తేసిన రంగుల క్యూబ్‌ని కారు వెనక సీట్లో కూర్చుని కలిపేస్తాడు. సోమరిపోతా? పగలంతా ఆఫీసులో ఫోన్లు చేసి, సాయంత్రం ఇల్లు లేనివాళ్లకి రాత్రికి మంచం ఇచ్చే గ్లైడ్ చర్చి దగ్గర లైన్ కోసం పరుగెత్తి, రాత్రి లైట్లు ఆర్పేశాక కాస్త వెలుతురు ఎక్కడ పడితే అక్కడ కూర్చుని చదువుకుంటాడు. పని చేస్తూ, చదువుకుంటూ ఉన్న మనిషికే నిలువనీడ లేకుండా పోయింది. దారిలో పేవ్‌మెంట్ మీద పడుకున్న మనిషిని వేలుపెట్టి చూపించి "సరిగ్గా చదవకపోతే నీ గతీ ఇంతే" అని పిల్లలతో అనే అలవాటు మన ఇళ్లల్లో ఎంత మామూలైపోయిందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఆ మాట వింటూనే పెరిగాను. దానివల్ల మార్కులు పెరగడం నేను చూడలేదు. ఆ మనిషిని చూడగానే తల తిప్పుకోవడం మాత్రం పిల్లలకి బాగా వచ్చేస్తుంది. దయచేసి ఆ మాట మానేయండి. భయపెట్టడానికి ఇంకేదైనా వెతుక్కోండి, అసలు భయపెట్టకపోతే ఇంకా మంచిది.

మన పిల్లలు ఎక్కడి దాకా ఆలోచించారో వినండి. సినిమా అయ్యాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే, మామూలుగా క్లాసులో నోరు విప్పని ఒక పదో తరగతి అబ్బాయి లేచి, "మేడమ్, మిగతా పందొమ్మిది మంది ఏమయ్యారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, టీచర్లెవరి దగ్గరా లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అర పేజీ రాసింది, హీరో గురించి కాదు, గ్లైడ్ చర్చి ముందు మంచాల కోసం నిలబడే లైన్లో చివరి మనిషి గురించి. లోపల మంచాలు నిండిపోయాయి, తలుపు మూశారు, ఆయన ఎటు వెళ్లాడు, ఎవరికైనా చెప్పాడా, చెప్పడానికి ఎవరైనా ఉన్నారా అని. కెమెరా ఆయన వైపు వెళ్లలేదు కాబట్టి తనే వెళ్లానని చివర్లో రాసింది. ఆ కాగితం నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. ఇంకో అబ్బాయి (అవును, రోజూ లేటుగా వచ్చి నా చేత చీవాట్లు తినే అబ్బాయే) రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని ఫిన్లాండ్ గురించి చదివాడు. 2008 నుంచి అక్కడ పద్ధతి మార్చారు. ముందు తాగుడు మానాలి, ముందు ఉద్యోగం వెతుక్కోవాలి, అప్పుడు ఇల్లు అనే షరతులు లేవు. ముందు ఇంటి తాళంచెవి ఇస్తారు, మిగతా సమస్యలు ఆ తర్వాత చూసుకుంటారు. పాత షెల్టర్లని కూడా అద్దె ఫ్లాట్లుగా మార్చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ఇల్లు లేనివాళ్ల సంఖ్య తగ్గుతూ వచ్చింది. వాడు ఇదంతా చార్టు గీసి నోటీసు బోర్డులో పెట్టాడు, కింద 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో ఇల్లు కూడా ఉందని, అది 25వ ఆర్టికల్ అని ఎర్ర పెన్నుతో రాశాడు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి.

మధ్యలో మామూలు విషయాలు: పరీక్షలు 27న మొదలు, టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా ఇచ్చేయాలి, ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్లు క్లాస్ టీచర్‌కి చెప్పండి, రెండో నంబర్ బస్సు పది నిమిషాలు ముందుగా బయల్దేరుతుంది.

ఇక నాకు ప్రాణమైన సంగతి. ఆ సినిమాలో నన్ను ఇల్లు లేకపోవడం కన్నా ఎక్కువ కదిలించింది ఇంకొకటి. ఆయన ఆఫీసులో ఎవరికీ చెప్పడు. రోజూ అదే సూటు వేసుకుని, నవ్వుతూ, పక్క కుర్చీలో ఉన్నవాళ్లకి తెలియకుండా, సామానంతా వెంట మోసుకుని తిరుగుతాడు. పై అధికారి టాక్సీకి అయిదు డాలర్లు అడిగితే, తన జేబులో ఉన్నదే అంతంతమాత్రం, అయినా తీసి ఇచ్చేస్తాడు, ఎందుకంటే లేదు అంటే తెలిసిపోతుంది. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరూ "రాత్రి ఎక్కడ పడుకున్నావయ్యా" అని అడగరు, అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. ఒంటరితనం అంటే నాకు ఇదే. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ఇచ్చింది, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, అది ముసలివాళ్లలో కన్నా టీనేజ్ పిల్లల్లో ఎక్కువని. అంటే మన పిల్లలే. మనం వాళ్ల మార్కులు లెక్కపెడతాం, హాజరు లెక్కపెడతాం, ఈ రోజు ఎవరు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లారో ఏ రిజిస్టర్లోనూ రాసుకోం. నేను ఈ స్కూలుకి వచ్చిన రోజు నుంచి మొత్తుకుంటున్నాను, పొద్దున గేటు దగ్గర ప్రతి పిల్లనీ పేరుపెట్టి పలకరించాలని. టీచర్లకి అది అదనపు పని అనిపించింది, మొదట్లో విసుక్కున్నారు కూడా. నేను మాత్రం వదలను. పేరు పెట్టి పిలిచినప్పుడు ఆ పిల్లల మొహం ఎలా మారుతుందో రోజూ పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూసేదాన్ని నేను.

శుక్రవారం హాలు బయట ఒక పెట్టె పెట్టాం. ఒంటరిగా అనిపించిన రోజు ఏదైనా ఉంటే పేరు లేకుండా రాసి వేయమన్నాం. ఎవరి చీటీలో ఏముందో మీకు చెప్పను, పిల్లలకి ఇచ్చిన మాట అది. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. నేను స్కూలు సంగతులు వస్తాయనుకున్నాను, సగానికి పైగా ఇంటి సంగతులే వచ్చాయి. కొట్టారు, తిట్టారు అని కాదు. ఏదో చెప్పబోతే "తర్వాత చెప్పు" అన్నారని, ఆ తర్వాత అనేది రాలేదని. మీరందరూ పిల్లల కోసం ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు, నిజంగా తెలుసు. అయినా సాయంత్రం గేటు దగ్గర నేను రోజూ చూసేది కూడా చెప్పాలి కదా. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి ఏదో చెప్తూ ఉంటుంది, పెద్దవాళ్ల చెవి దగ్గర ఫోన్ ఉంటుంది, బ్యాగు అందుకునే చేయి మాత్రం అలవాటుగా చాపుతారు. ఆ అయిదు నిమిషాలు, గేటు నుంచి బండి దాకా, ఫోన్ లోపల పెట్టేయండి. చాలాసార్లు మర్యాదగా అడిగాను, ఇప్పుడు గట్టిగా అడుగుతున్నాను.

గేటు దగ్గర ఏడ్చిన అమ్మాయి సంగతి. ఇది ఆ అమ్మాయి, వాళ్ల అమ్మానాన్న సరే అన్నాకే రాస్తున్నాను. తను సినిమా చూసి భయపడి ఏడవలేదు. తన క్లాసులో ఈ ఏడాది కొత్తగా చేరిన ఇంకో అమ్మాయి ఉంది. నెమ్మది మనిషి, మధ్యాహ్నం మెట్ల పక్కన ఒక్కతే కూర్చుని తినేస్తుంది. సినిమా అయ్యాక మనమ్మాయి తిన్నగా ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, రేపటి నుంచి మాతో కూర్చో అంది. ఆ పిల్ల నవ్వి, "నా పేరు నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదు. నాలుగు నెలలుగా ఒకే గదిలో ఉన్నారు, తెలియదు. ఆ నవ్వు చూసి మనమ్మాయికి ఏడుపు ఆగలేదు, గేటు దాకా ఆగలేదు. మీరు వీడియోలో చూసింది అది. సోమవారం మధ్యాహ్నం నేను వరండాలోంచి వెళ్తుంటే మెట్ల పక్కన ఏడుగురు కూర్చున్నారు. కొత్తమ్మాయి అక్కడి నుంచి లేవలేదు, మిగతావాళ్లే అక్కడికి వచ్చేశారు.

ఇంకా అభ్యంతరం ఉన్నవాళ్లు నాతో నేరుగా మాట్లాడండి, రోజూ మూడు నుంచి నాలుగు దాకా నా గది తలుపు తీసే ఉంటుంది. అంతకన్నా మంచి మార్గం, వచ్చే శనివారం సాయంత్రం 4 గంటలకి అదే హాల్లో అదే సినిమా మీ కోసం వేస్తున్నాం, వచ్చి చూడండి. పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు, తొమ్మిదో తరగతి, ఆ పైన చదివేవాళ్లని మాత్రమే. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో పెట్టాలి, పిల్లలు కూడా అలాగే పెట్టారు. మీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల పేరు, వాళ్ల పిల్లల పేరు సినిమా మొదలయ్యే లోపల కనుక్కోండి, పది నిమిషాలు అందుకోసమే వదిలాం. పందొమ్మిది మంది గురించి అడిగిన అబ్బాయి తలుపు దగ్గర నిలబడి మిమ్మల్ని లోపలికి పిలుస్తాడు. కొంచెం సిగ్గరి, మీరే ముందు పలకరించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు